జేజి చేసే ఊరిబిండి మనది కాదా?

హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటున్న తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు, వివరాలు వద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెబుతున్నాను.

ఆమె అత్తగారిది అనంతపురం జిల్లాలో ఒక పల్లె. మామగారు పోయాక కొడుకు దగ్గరికి వచ్చేశారు. మనవరాలు ఆవిడను జేజి అని పిలుస్తుంది. ఆ అమ్మాయి ఆరో తరగతి. చరిత్ర అంటే విసుగు. రాజుల పేర్లు, యుద్ధాల సంవత్సరాలు బట్టీ పట్టడం, పరీక్ష కాగానే మర్చిపోవడం. ఇలా కాదనుకుని ఈ తల్లి ఎండాకాలం సెలవుల్లో ఒక పని మొదలుపెట్టారు. శనివారం సాయంత్రాలు కూతుర్నీ, అపార్ట్‌మెంట్‌లో మరికొందరు పిల్లల్నీ వంటింట్లోకి పిలిచి, పాతకాలపు వంట ఏదైనా చేయిస్తూ దాని చరిత్ర చెప్పడం. అత్తగారు కూడా ఉత్సాహంగా చేయి వేశారు. సంగటి కెలకడం, జొన్నరొట్టె తట్టడం ఆవిడే నేర్పారు. బడులు తెరిచాక కూడా మానకుండా సాగింది.

ఆ తర్వాత రెండు జరిగాయి. మిరపకాయలు, వేరుశనగ అమెరికా ఖండాల నుంచి వచ్చాయని ఆ అమ్మాయి ఎక్కడో చదివింది. జేజి చేసే ఊరిబిండి అంటే వేరుశనగలు (శెనక్కాయలు), మిరపకాయలు వేసి నూరే రాయలసీమ పచ్చడి. రాత్రి భోజనాల దగ్గర, "జేజీ, నీ ఊరిబిండి మన ట్రెడిషనల్ ఫుడ్ కాదంట. అందులో సగం అమెరికావే" అనేసింది. జేజి "సర్లేమ్మా, మీ బుక్కులో ఉండేదే నిజం" అని ఊరుకున్నారు. అప్పటినుంచి శనివారం సాయంత్రం అయ్యేసరికి గుడికి వెళ్ళిపోతున్నారు.

రెండోది. "మీ తాతలు, అవ్వలు చిన్నప్పుడు ఏం తినేవాళ్ళో అడిగి రండి" అని పిల్లలకు ఒక పని అప్పగించారు. ఒక అబ్బాయి వచ్చి, వాళ్ళ తాత చిన్నతనంలో ఒక ఆసామి దగ్గర జీతం, అంటే పాలేరుగా, ఉన్నాడనీ, అక్కడ పోసే గంజి తాగేవాడనీ, ఇంట్లో వట్టి తునకల (ఎండబెట్టిన మాంసం) కూర వండితే ఆ రోజు పండగలా ఉండేదనీ చెప్పాడు. ఆ రాత్రి ఇంకో పిల్ల తల్లి వాట్సాప్ గ్రూపులో, "పిల్లలకు మంచి విషయాలు నేర్పండి, ఇలాంటివి వాళ్ళ చెవిన పడటం మాకు ఇష్టం లేదు" అని పెట్టారు. గ్రూపులో ఎవరూ మాట్లాడలేదు. తర్వాతి వారం నుంచి ఆవిడ కూతురు రాలేదు, ఆ అబ్బాయీ రాలేదు.

"మా ఆయన 'ఎందుకీ టెన్షన్, మానెయ్, లేదంటే అరిసెలు, లడ్డూలు నేర్పించు' అంటున్నారు. నేను చరిత్ర చెబుదామనుకున్నాను. ఇంట్లో అత్తమ్మ నొచ్చుకుంది, బయట ఒక పిల్లవాడు చిన్నబోయాడు. ఆపేయాలా? ఆపకపోతే ఎలా నడపాలి? మా అమ్మాయి చెప్పింది తప్పేమీ కాదు, దాన్ని ఏమని మందలించను?" ఇదీ ఆమె అడిగింది.

అమ్మా,

మీరు రెండోదిగా రాసిన విషయాన్ని నేను ముందు తీసుకుంటాను. మీ అత్తగారు మీ ఇంట్లోనే ఉన్నారు. రేపు కాకపోతే ఎల్లుండి మాట్లాడుకోవచ్చు. ఆ అబ్బాయి విషయంలో మాత్రం ఒక్కో రోజు గడిచేకొద్దీ మాట్లాడటం కష్టమవుతుంది. మీరు అడిగిన ప్రశ్నకు అతను తాత దగ్గర కూర్చుని, నిజాయితీగా జవాబు తెచ్చాడు. మిగిలిన పిల్లల్లో చాలామంది "మా తాత కూడా అన్నం, పప్పే తినేవాడంట" అని తేల్చేసి ఉంటారు. పని సరిగ్గా చేసిన పిల్లవాడి జవాబును పెద్దవాళ్ళు "ఇలాంటివి" అన్నారు. మిగతా పెద్దవాళ్ళు ఊరుకున్నారు. మీరు కూడా ఏమీ రాయలేదని మీ ఉత్తరాన్ని బట్టి అనుకుంటున్నాను. ఆ మౌనం నుంచి ఆ పిల్లవాడు నేర్చుకునేది ఒక్కటే: తాత చెప్పింది బయట చెప్పకూడని సంగతి. మీరు నేర్పాలనుకున్నదానికి ఇది పూర్తిగా ఎదురు.

కాబట్టి ముందు వాళ్ళ ఇంటికి వెళ్ళండి. ఫోన్ వద్దు, మెసేజ్ అసలే వద్దు. ఆ అమ్మానాన్నలతో, "నేను అడిగిందే మీ బాబు చేశాడు, అందరికంటే బాగా చేశాడు. గ్రూపులో ఆ మాట వచ్చినప్పుడే నేను మాట్లాడి ఉండాల్సింది" అని చెప్పండి. బాబు ఎదురుగానే చెప్పండి. ఆ తర్వాత వాళ్ళ మనసులో ఏముందో అడగండి. ఇక్కడ మీరు కాస్త జాగ్రత్తగా ఉండాలి. నగరంలో అద్దెకో సొంతానికో ఇల్లు దొరికించుకుని, ఎవరి నోటా ఏ మాటా రాకుండా పిల్లల్ని పెంచుకుంటున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. తమ ఇంటి తిండి గురించి, ఊరి గురించి నలుగురిలో చెప్పుకోవాలా వద్దా అనేది వాళ్ళు తీసుకోవాల్సిన నిర్ణయం. "ఇక ఆ ప్రస్తావన వద్దండీ" అంటే ఒప్పుకోండి. "మావాడు వస్తాడు, చెబుతాడు" అంటే సంతోషం. ఎలాగైనా సరే, ఆ అబ్బాయి తిరిగి వస్తే అతన్ని మధ్యలో నిలబెట్టి "మీ వంటల గురించి చెప్పు బాబూ" అనకండి. మిగతా పిల్లల్లాగే పిండి కలపనివ్వండి, అల్లరి చేయనివ్వండి.

ఆ పిల్లవాడు చెప్పిన రెండు మూడు మాటల్లో ఎంత చరిత్ర ఉందో చూడండి. తాత ఆసామి దగ్గర జీతం ఉండటం అంటే ఏమిటి? కూలి డబ్బుల్లో కాకుండా గింజల్లో, గంజిలో ఎందుకు ఇచ్చేవాళ్ళు? తీర్చలేని అప్పు తండ్రి నుంచి కొడుక్కి ఎలా దిగేది? వెట్టి చాకిరీని నిషేధిస్తూ 1975లో ఆర్డినెన్సు, 1976లో చట్టం ఎందుకు తేవలసి వచ్చింది? ఆరో తరగతి పిల్లలకు ఇవన్నీ ఒకేసారి అక్కర్లేదు, కానీ మొదటి రెండు ప్రశ్నలు వాళ్ళకు బాగా అర్థమవుతాయి. వట్టి తునకలూ అంతే. ఎప్పుడో ఒకసారి దొరికిన మాంసం ఒక్క రోజులో అయిపోకూడదని పొడవాటి ముక్కలుగా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, దండెం మీద బట్టల్లా ఆరేసి ఎండబెట్టేవాళ్ళు. వానాకాలంలో పనులు లేని రోజుల్లో గోంగూరలోనో చింతచిగురులోనో వేసి వండుకునేవాళ్ళు. ఫ్రిజ్ లేని కాలంలో లేమి ఉన్న ఇల్లు తనను తాను కాపాడుకున్న తెలివి అది. చేపలు ఎండబెట్టడం, వడియాలు పెట్టడం, ఊరగాయలు పెట్టడం వెనక ఉన్న తెలివి కూడా అదే. ఆవకాయ గురించి గర్వంగా చెప్పుకునే మనం దీని గురించి గొంతు తగ్గించి మాట్లాడటానికి కారణం రుచి కాదు, కులం. పిల్లలకు ఆ మాట ఈ వయసులో ఎంతవరకు చెప్పాలన్నది మీ ఇష్టం. మీకు మీరు మాత్రం దాచుకోకండి.

ఇక శనివారాల సంగతి. మీ ముందు మూడు దారులున్నాయి.

మానేయడం ఒకటి. గొడవ అప్పటికి సద్దుమణుగుతుంది. ఇంట్లో మీ అమ్మాయికి మీరు చెప్పుకోవచ్చు కూడా. కానీ ఎందుకు ఆగిందో పిల్లలందరికీ తెలుసు. "ఫలానావాడు ఆ మాట చెప్పాడు, అందుకే ఆంటీ క్లాసులు ఆపేసింది" అన్న మచ్చ ఆ అబ్బాయి మీద మిగులుతుంది. వేరే ఏ కారణం చేతనైనా ఆపండి గానీ, ఇప్పుడు, ఈ సందర్భంలో ఆపకండి.

మీ వారు చెప్పినట్టు అరిసెలు, లడ్డూలతో సరిపెట్టడం రెండోది. తప్పేమీ లేదు, పిల్లలు ఇష్టంగా వస్తారు, తల్లులు ఫోటోలు పెట్టుకుంటారు. అయితే దాన్ని వంటల క్లాసు అనండి, చరిత్ర అనకండి. బెల్లం, నెయ్యి, కొత్త బియ్యం ఏడాదికి ఒకసారి చూసిన ఇళ్ళే మన పల్లెల్లో ఎక్కువ. పండగ రోజు తిండిని పట్టుకుని అదే మన గతం అని పిల్లలకు చెబితే మిగిలిన మూడు వందల అరవై రోజులు మాయమైపోతాయి.

కొన్ని ఏర్పాట్లు చేసుకుని కొనసాగించడం మూడోది. నేనైతే దీనివైపే మొగ్గుతాను. కష్టం కూడా దీనిలోనే ఉంది. చెప్పుకోవడం వేరు, తినడం వేరు అని ముందే తల్లిదండ్రులందరికీ స్పష్టం చేయండి. మీ వంటింట్లో వండేది అందరి ఇళ్ళూ ఒప్పుకున్నదే. ఏ పిల్లకూ వాళ్ళింట్లో వద్దన్నది పెట్టరు. కానీ ఏ పిల్లవాడైనా తన ఇంటి గురించి చెబుతుంటే మిగతావాళ్ళు వినాలి, ముక్కు మూసుకోవడం, నవ్వడం కుదరదు. దీనికి ఇష్టపడని వాళ్ళు పంపక్కర్లేదు. ఇలా చెబితే ఒకరిద్దరు పిల్లలు తగ్గవచ్చు. ఆ తల్లితో మీ పలకరింపులు కొన్నాళ్ళు ముభావంగా ఉండవచ్చు. ఆమెతో వాదనకు దిగకుండా ఒక్కసారి విడిగా కలిసి, "మీ పాపకు మీరు ఇష్టపడనిది ఏదీ పెట్టను, కానీ ఇంకో పిల్లవాడు వాళ్ళ తాత గురించి చెబితే ఆపలేను" అని మర్యాదగా చెప్పండి. ఆమె మారకపోవచ్చు. మీ మాట గ్రూపులో ఉన్న మిగతా తల్లులకు చేరుతుంది, వాళ్ళలో మౌనంగా ఉన్న అందరూ ఆమెతో ఏకీభవించినవాళ్ళు కారు.

పిల్లలు పక్కపక్కన కూర్చుని ఒకే వంట తినడం మన దగ్గర మామూలుగా వచ్చిన సంగతి కాదని కూడా ఎప్పుడైనా చెప్పండి. బడుల్లో వండిన భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2001లో ఆదేశిస్తే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో మధ్యాహ్న భోజనం మొదలైంది. ఇప్పుడు ఆంధ్రాలో ఆ పథకానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. గోదావరి లంకల్లో, లంకల గన్నవరంలో, వేళాపాళా లేకుండా వచ్చినవాళ్ళందరికీ అన్నం పెట్టిన ఇల్లాలు ఆవిడ. పిల్లలకు ఆవిడ కథ నచ్చుతుంది.

ఇప్పుడు మీ అత్తగారి దగ్గరికి వద్దాం.

మీ అమ్మాయి చెప్పింది నిజమే. 1492లో కొలంబస్ అటు వెళ్ళాక, 1498లో వాస్కోడగామా కోళికోడ్‌కు వచ్చాక, పోర్చుగీసు ఓడల మీద మిరప, వేరుశనగ, జీడిమామిడి, జామ, బొప్పాయి లాంటివి మన తీరానికి చేరాయి. అంతకుముందు మన వంటల్లో మిరపకాయ లేదు. కారానికి మిరియాలు, పిప్పళ్ళు, అల్లమే దిక్కు. 16వ శతాబ్దపు ఆముక్తమాల్యదలో వానాకాలం పల్లె తిండి కనిపిస్తుంది. తుమ్మి, చెంచలి లాంటి ఆకుకూరల్ని చింతచిగురుతో కలిపి నూనెలో వేయించుకునేవాళ్ళట. బాలింతకు పెట్టే పథ్యంలో ఈనాటికీ మిరియాలు, పిప్పళ్ళు, శొంఠే ఉంటాయి. చాలా ఇళ్ళలో పితృకార్యాలకు మిరపకాయ తగలనివ్వరు. మన వంటిల్లు ఆ పాతరోజుల్ని ఇంకా మర్చిపోలేదు, అందుకే ఇది మీ అత్తగారికి కొత్త సంగతి కూడా కాకపోవచ్చు. ఆవిడను నొప్పించింది ఆ సమాచారం కాదు. "మనది కాదు" అన్న తీర్పు.

ఆ తీర్పు దగ్గరే మీ అమ్మాయి లెక్క తప్పింది. బయటి నుంచి వచ్చింది మనది కాదంటే, జేజి నేర్పిన సంగటి కూడా పోతుంది. రాగి పుట్టింది ఆఫ్రికాలో. జొన్న కూడా అక్కడిదే. వేల ఏళ్ళ కిందట వచ్చాయి కాబట్టి ఎవరూ అడగడం లేదు, అంతే తేడా. ఊరిబిండి రోట్లో పడేవన్నీ ఒక్కొక్కటిగా చూడమనండి. వేయించిన శెనక్కాయలు, మిరపకాయలు అమెరికా ఖండాలవి. చింతపండు పుట్టిల్లు ఆఫ్రికా అంటారు వృక్షశాస్త్రం చదివినవాళ్ళు. వెల్లుల్లిది మధ్య ఆసియా. ఇక్కడిదని గట్టిగా చెప్పగలిగింది ఉప్పొక్కటే. అయినా ఈ ఐదింటినీ ఒక్క రోట్లో వేసి, మరీ మెత్తగా కాకుండా, పలుకు తగిలేటట్టు నూరి, సంగటి ముద్దకు అద్దుకుని తినాలన్న ఆలోచన పోర్చుగీసు వాళ్ళది కాదు. రాయలసీమ ఆడవాళ్ళది. వాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు.

దీనికి ఇంకో వైపు కూడా మీ అమ్మాయికి చూపించండి. అనంతపురం పక్కనే బళ్ళారి దగ్గర సంగనకల్లు అనే కొత్త రాతియుగపు ఊరుంది. అక్కడా, ఆ చుట్టుపక్కల అలాంటి పాత ఊళ్ళలోనూ తవ్వితే పొయ్యిల్లో మాడి మిగిలిన ఉలవ గింజలు, పెసర గింజలు దొరికాయి. దాదాపు నాలుగు వేల ఏళ్ళ నాటివి. ఈ రెండు పంటలూ మన ద్వీపకల్పంలోనే సాగులోకి వచ్చినవని పురావస్తు శాస్త్రజ్ఞుల నిర్ణయం. అంటే మీ అత్తగారి వంటింట్లో నాలుగు వేల ఏళ్ళ ఉలవలు, అయిదు వందల ఏళ్ళ లోపు మిరపకాయలు పక్కపక్క డబ్బాల్లో ఉన్నాయి. పిల్లలకు కాలం అంటే ఏమిటో దీనికంటే తేలిగ్గా ఎలా చెబుతాం! నేను చాలాకాలం సోషల్ పాఠాలు చెప్పినదాన్ని. నల్లబల్ల మీద గీత గీసి శతాబ్దాలు గుర్తుపెట్టడం కన్నా గింజలు చేతిలో పోసి "ఇది ముందొచ్చింది, ఇది తర్వాత" అంటే పిల్లలు మర్చిపోకపోవడం నేను చూశాను.

కాబట్టి మీ అమ్మాయికి ప్రశ్న మార్చండి. "ఇది మనదా, కాదా" అని అడగొద్దు. "ఇది ఎప్పుడు వచ్చింది, ఎవరు తెచ్చారు, రాకముందు ఆ స్థానంలో ఏముండేది, వచ్చాక ఎవరి బతుకు మారింది" అని అడగమనండి. ఆఖరి ప్రశ్నకు జవాబు పుస్తకంలో ఉండదు. మీ అత్తగారి దగ్గర ఉంది.

ఎలాగంటారా? అనంతపురం దేశంలోనే అతి తక్కువ వాన పడే ప్రాంతాల్లో ఒకటి. ఏడాదికి సగటున పడేది 550 మిల్లీమీటర్లే. ఒకప్పుడు ఆ ఎర్రనేలల్లో కొర్ర, ఆరిక, జొన్న, ఉలవ కలిపి వేసుకునేవాళ్ళు. గత శతాబ్దం రెండో సగంలో వేరుశనగ ఆ నేలంతా పరుచుకుంది. చేతికి డబ్బు తెచ్చిన పంట అది. పిల్లల ఫీజులు, ఆడపిల్లల పెళ్ళిళ్ళు దాని మీదే. వాన రాని ఏడు అప్పులూ దాని మీదే. మీ అత్తగారి వయసు ఆడవాళ్ళు తొలకరికి ముందు గుంపుగా కూర్చుని విత్తనం కాయలు వలిచినవాళ్ళు. పప్పు పగలకుండా, పైన ఎర్ర పొర చిట్లకుండా వలవాలి, లేకపోతే మొలకరాదు. వేళ్ళు బొబ్బలెక్కేవి. పోర్చుగీసువాళ్ళు గింజ తెచ్చి ఉండొచ్చు. దాన్ని ఆ నేలలో బతికించి, దానితో తాము బతికినవాళ్ళలో మీ అత్తగారు ఒకరు. మనవరాలు "అది మనది కాదు" అన్నప్పుడు ఆవిడకు ఏమనిపించి ఉంటుందో ఇప్పుడు మీకు అర్థమవుతుంది.

మందలించే విషయం. "వెళ్ళి జేజికి సారీ చెప్పు" అని పంపితే అమ్మాయి చెబుతుంది, ఆవిడ "పోనీలే" అంటారు, ఇద్దరి మధ్యా ఏమీ మారదు. పైగా నిజం చెప్పినందుకు తిట్లు పడ్డాయని అమ్మాయి మనసులో ఉండిపోతుంది. పట్టించుకోకుండా వదిలేస్తే కాలమే సర్దుతుంది, నిజమే, కానీ ఆవిడ ఇక ఆ శనివారాల్లోకి రారు. మీరు అమ్మాయితో విడిగా కూర్చుని, "నువ్వు చదివింది కరెక్టే, కానీ సగమే తెలుసుకున్నావు, మిగతా సగం జేజికే తెలుసు" అని చెప్పండి. నోటుబుక్కు ఇచ్చి పంపండి. జేజి వాళ్ళ అమ్మ శెనక్కాయలు లేనప్పుడు సంగటిలోకి ఏం నంజుకునేది? వాళ్ళ ఊళ్ళో శెనక్కాయ ఎప్పటినుంచి వేశారు? విత్తనం ఎలా వలిచేవాళ్ళు? రోజూ వరి అన్నం తినడం ఎప్పుడు మొదలైంది? జేజి చెప్పింది చెప్పినట్టు రాసుకోమనండి. తనకు తెలిసినదాన్ని మనవరాలు రాసుకుంటోందని చూస్తే ఆవిడ మౌనం కొంతైనా వీడుతుందని నాకు నమ్మకం. వెంటనే వీడకపోతే తొందరపెట్టకండి.

వరి అన్నం ప్రశ్న మర్చిపోవద్దు. ప్రతి ఇంటా ఒక జవాబు వస్తుంది, ఆ జవాబు వెనక ఒక చరిత్ర ఉంటుంది. రాయలసీమలో, తెలంగాణలో చాలా పేద ఇళ్ళకు వరి అన్నం పండగకో, చుట్టం వస్తేనో. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చాక అది రోజూ పళ్ళెంలోకి వచ్చింది. ఆకలి తగ్గింది. సంగటి, కొర్రన్నం, గట్క వెనక్కి పోయాయి. ఇప్పుడు అవే చిరుధాన్యాలు సూపర్ మార్కెట్‌లో బియ్యం కన్నా ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. అదే గోదావరి జిల్లాల పిల్ల ఉంటే ఆమె జవాబు ఇంకోలా ఉంటుంది. అక్కడ 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతా వరి అయింది. మీ గ్రూపులో ముస్లిం పిల్లలుంటే రంజాన్ నెలలో హలీం గురించి అడగండి. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్ వైపు నుంచి వచ్చిన అరబ్బులు హైదరాబాద్ బార్కస్‌లో స్థిరపడటం దగ్గరికి తీసుకెళ్తుంది ఆ కథ.

కరువు గురించి మీరు అడగలేదు గానీ, సంగటి దగ్గర మొదలుపెట్టినవాళ్ళు ఎప్పుడో అక్కడికి చేరక తప్పదు. 1876 నుంచి 1878 దాకా నడిచిన ధాత కరువు మీ అత్తగారి ప్రాంతాన్ని ఊడ్చేసింది. అప్పటికి అనంతపురం బళ్ళారి జిల్లాలో భాగం. బ్రిటిష్ ఏలుబడిలో ఉన్న ప్రాంతాల్లోనే సుమారు 50 లక్షల మంది చనిపోయారని అంచనా. దేశంలో అలా ఉండగానే 1877 జనవరి 1న వైస్రాయి లిట్టన్ ఢిల్లీలో దర్బారు జరిపాడు. అదే రోజుల్లో రిచర్డ్ టెంపుల్ అనే అధికారి కరువు పనుల్లో రాళ్ళు కొట్టే మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, దాంతోపాటు కాస్త చిల్లర చాలని నిర్ణయించాడు. అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ పోరాడితే కొన్ని నెలలకు పెంచారు. పౌను అంటే దాదాపు 450 గ్రాములు. వంటింటి కాటా మీద పిల్లల చేతే తూయించండి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా రాళ్ళు కొట్టే మనిషికి ఇది ఒక రోజుకి. అంతే చెప్పండి, చాలు. ఎముకల గూళ్ళ ఫోటోలు చూపించకండి. ఈ వయసులో అవి భయం పుట్టిస్తాయి, ఆలోచన పుట్టించవు. కరువు వానలు లేక వచ్చింది, చావులు మాత్రం నిర్ణయాల వల్ల పెరిగాయన్న మాట పిల్లలకు ఆ కాటా దగ్గరే అర్థమవుతుంది.

ఇంకో చిన్న జాగ్రత్త. "మన పూర్వీకులు వేల ఏళ్ళ కిందటే ఇది కనిపెట్టారు" అంటూ ఫోన్లో తిరిగే మెసేజ్‌లను పాఠంలోకి రానివ్వకండి. ఎవరైనా పిల్ల అలాంటిది తెస్తే కాదని కొట్టేయకుండా "మనకెలా తెలుసు?" అని అడగండి. మాడిన గింజ దొరికిందా, శాసనంలో ఉందా, పాత కావ్యంలో ఉందా, జేజి చూసిందా? ఈ ప్రశ్న అలవాటైన పిల్ల పెద్ద క్లాసుల్లో చరిత్రకు భయపడదు.

మార్కుల సంగతి మీరు ఉత్తరంలో ఎక్కడో ఒక వాక్యంలో అడిగారు. ఈ శనివారాల వల్ల యూనిట్ టెస్టులో మార్కులు పెరుగుతాయని ఆశ పెట్టుకోకండి. పాఠ్యపుస్తకం వేరే చదివించాల్సిందే.

మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు ఉలవ గుగ్గిళ్ళతో మొదలుపెట్టండి. ఏ ఇంట్లోనూ అభ్యంతరం ఉండదు, ముందురోజు రాత్రి నానబెడితే చాలు, పిల్లలు చేయడానికీ తేలిక. తిరగమాతలో ఎండుమిరపకాయ వేసేటప్పుడు ఆగి, ఈ రెండింటి మధ్య ఎన్నేళ్ళ దూరం ఉందో పిల్లల్నే లెక్క కట్టమనండి. ఉప్పు, ఉడుకు చూసే పని మీ అత్తగారికి వదిలేయండి, ఆవిడ వస్తే. ప్రతి వారం పెట్టుకోకండి. నెలకు రెండుసార్లయితే మీకూ ఊపిరాడుతుంది, పిల్లలకూ ఇంట్లో అడిగి రావడానికి టైమ్ ఉంటుంది.

మీ వారి మాట కూడా తీసిపారేయకండి. ఆయన గొడవ వద్దనుకుంటున్నారే గానీ మీ పనిని తప్పుపట్టడం లేదు. ఆయనా ఆ పల్లెలోనే పెరిగారు, శెనక్కాయల చేలల్లో తిరిగారు. ఆ అబ్బాయి ఇంటికి వెళ్ళేటప్పుడు ఆయన్ని కూడా రమ్మనండి. మీరు ఒక్కరే వెళితే అది క్లాసు గురించి మాట్లాడటం అవుతుంది, ఇద్దరూ వెళితే ఇరుగుపొరుగు కుటుంబం ఇంటికి వెళ్ళడం అవుతుంది. గ్రూపులో పెట్టాల్సిన మెసేజ్, కొత్త ఏర్పాట్ల గురించిన మాట, అవన్నీ ఆ తర్వాతే. వాళ్ళతో మాట్లాడకముందు తేదీ ప్రకటించకండి.